ఇన్‌పుట్‌లో ఏ వైరూ లేదు

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను మొదట అడిగేది ఆ ఇంటి ఎర్తింగ్ గురించి. చదివింది ఎలక్ట్రానిక్స్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా తప్పు జరిగితే దానికి కారణాలు ఏమేమి కావచ్చో వరసగా అనుకుని, ఒక్కొక్కటే కొట్టేస్తూ పోవడమే నాకు జీతం తెచ్చే పని. మా చుట్టాలు చెప్పిన దెయ్యాల్ని కూడా అలాగే కొట్టేశాను. ఒకటి వదులైన కిటికీ గడియ. ఇంకోటి పక్కింటి నీళ్ల మోటారు. మరోటి అటక మీద గబ్బిలం.

ఇప్పుడు చెప్పబోయేది నాకే జరిగింది. దీన్ని కొట్టేయలేకపోయాను.

మా మేనమామది కోటబొమ్మాళిలో మైకుసెట్టు వ్యాపారం. పెళ్లిళ్లకీ, భజనలకీ సెట్లు అద్దెకివ్వడం ఒక ఎత్తు, ఆయన గొంతు ఇంకో ఎత్తు. చుట్టుపక్కల ఊళ్లలో ఆటో మీద మైకు పెట్టి తిప్పే ప్రకటనల్లో చాలావాటికి గొంతు ఆయనదే. బట్టల కొట్టు తెరిచినా, ఎరువులు వచ్చినా, ఎవరైనా పోయినా, ఇంటి ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాడు. అప్పన్న అనే ఆటో అతను దాన్ని ఊళ్లు తిప్పేవాడు.

మైకుసెట్టు వాళ్లందరికీ మైకు పరీక్షించే పద్ధతి ఒకటుంటుంది. కొందరు హలో అంటారు, కొందరు అంకెలు లెక్కపెడతారు. మావయ్య పద్ధతి వేరు. గోటితో మైకు జాలీ మీద రెండుసార్లు కొట్టి, "ఒసే, ఓపాలిటు రా!" అనేవాడు. హలో అంటే గొంతు నాటకం గొంతైపోతుందనీ, పెళ్లాన్ని పిలిస్తేనే అసలు గొంతు వస్తుందనీ ఆయన వాదన.

పెళ్లైన కొత్తలో అత్త పిలిచిన ప్రతిసారీ చేతులు తుడుచుకుంటూ వచ్చేదట.

"నిన్ను గాదే, మైకుని" అనేవాడట ఈయన.

"మరి మైకుకి పేరెట్టి పిలు! నా పనులన్నీ ఒగ్గీసి రావాలా ఏటి?" అని తిట్టుకుంటూ వెళ్లేదట. కొన్నాళ్లకి రావడం మానేసింది. నిజంగా కావాలంటే ఆయనే లేచి వంటింట్లోకి వెళ్లేవాడు. ఇద్దరికీ అలవాటైపోయింది.

పోయిన ఏడాది ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆయన అలాగే పిలిచాడు. అత్త వంటింట్లో చేపలు వేపుతోంది. మైకేలే అనుకుని వెళ్లలేదు. కాసేపటికి పెన్‌డ్రైవ్ కోసం వచ్చిన అప్పన్న ముందుగదిలోకి తొంగి చూసి కేకేశాడు. మావయ్య కుర్చీ పక్కన పడి ఉన్నాడు. మైకు కేబుల్ చేతికి చుట్టుకుని ఉంది. పడుతూ పట్టుకుని లాగినట్టున్నాడు, పిన్ను కంప్యూటర్ సాకెట్‌లోనే విరిగి ఉండిపోయింది.

పక్షవాతం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు కొంత పోయాయి. మాట పూర్తిగా పోయింది. "అదే" అన్న ఒక్కమాట మిగిలింది. అన్నం కావాలన్నా అదే, వద్దన్నా అదే. ఎదుటివాళ్లు అనేది అర్థమవుతోందని డాక్టర్లు చెప్పారు కానీ, అవునా కాదా అని అడిగితే రెండింటికీ తల ఊపేవాడు. రాయడమూ రాలేదు.

అప్పటి నుంచి అత్తకి ఒకటే ప్రశ్న. ఆ రోజు పిలిచింది మైకునా, తననా?

మాకు అది చిన్న విషయంలా ఉండేది. ఎలా పిలిచినా జరిగేది జరిగేదే అని అందరం చెప్పాం. ఆమె వినలేదు. ఒంట్లో తేడా తెలిసి పిలిచాడేమో, తాను వెళ్లి ఉంటే కిందపడకపోయేవాడేమో, ఆసుపత్రికి ముందే చేరేవాళ్లమేమో. ఆయన మంచం దాటి ఆమె ఎక్కడికీ వెళ్లేది కాదు. వీధి చివర కొట్టుక్కూడా వెళ్లేది కాదు. కళింగపట్నంలో ఆమె చెల్లెలి కూతురి పెళ్లైతే, దానికీ వెళ్లలేదు. ఆయన కాస్త దగ్గినా వంటింట్లో గిన్నె కిందపడేసి పరిగెత్తుకొచ్చేది.

నేనున్నప్పుడే ఒకసారి ఆయన ముందు కింద కూర్చుని అడిగింది. "నన్నే పిలిసినావా? నిజం సెప్పు. నానేటీ అనుకోను."

ఆయన "అదే, అదే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మైకునా?"

"అదే."

ఆమె లేచి వెళ్లిపోయింది.

శ్రీకాకుళంలో మాట నేర్పే ఆమె ఒక సలహా ఇచ్చింది. మావయ్యకి హెడ్‌ఫోన్లు పెట్టి, మైకులో పలికించి, తన గొంతు తనకే వినిపిస్తూ సాధన చేయించమంది. గొంతే బతుకైన మనిషి కాబట్టి ఆసక్తి కలగొచ్చని. కంప్యూటర్ మైకు సాకెట్ చూస్తే విరిగిన పిన్ను అందులోనే ఇరుక్కుని ఉంది. పైగా కంప్యూటర్ ద్వారా వెళ్లి తిరిగొచ్చే గొంతు కాస్త ఆలస్యంగా వినబడుతుంది, మామూలు మనిషినే తడబడేలా చేస్తుంది. అందుకని నా దగ్గరున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకెళ్లాను.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెబుతాను, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఇది కంప్యూటర్ బయట పెట్టుకునే సౌండ్ కార్డు. టిఫిన్ డబ్బాలో సగమంత ఉంటుంది. ముందు మైకు గుచ్చే చోటు, హెడ్‌ఫోన్ గుచ్చే చోటు, వెనక స్పీకర్ల వైర్లు. దీనికి ఒక నాబ్ ఉంటుంది. ఒక కొసకి తిప్పితే కంప్యూటర్‌లోంచి వచ్చే శబ్దం మాత్రమే వినిపిస్తుంది. రెండో కొసకి తిప్పితే కంప్యూటర్‌తో సంబంధం లేకుండా, మైకులోకి వెళ్లేది నేరుగా చెవికి చేరుతుంది. ఆలస్యం ఉండదు. నాకు కావలసింది ఆ రెండో కొస.

అత్త ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతోటి డబ్బాకి ఇన్ని సెవులేటిరా?"

"చెవులే కాదత్తా, నోళ్లు కూడా ఉన్నాయి."

"మా ఇంట్లో మాటాడని నోరొకటున్నాది, దానికి మాటలొస్తే సాలు."

కంప్యూటర్‌లో ముందునుంచీ ఉన్న సౌండ్ కార్డుని సెట్టింగ్స్‌లో ఆపేశాను. డ్రైవర్ వేశాను. వినడానికీ, మాట్లాడడానికీ ఇంటర్‌ఫేస్‌నే ప్రధాన పరికరంగా పెట్టాను, అంటే పాటలైనా, ఫోన్ కాల్ అయినా అన్నీ దాని ద్వారానే. శాంపుల్ రేటు రెండువైపులా ఒకటే ఉండేలా చూశాను, అది తేడా ఉంటే మధ్యమధ్య టిక్కుమంటుంది. మావయ్య పాత స్పీకర్లని వెనక గుచ్చాను. ఆయన పాత మైకుకి కొత్త కేబుల్ వేశాను.

మొదటిసారి ఆ పని ముగుస్తుండగానే జరిగింది.

మైకు ఇంకా గుచ్చలేదు. నాబ్ మైకు కొసకి తిప్పి ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పెట్టెలో సొంత శబ్దం ఎంత ఉందో వింటున్నాను. సన్నగా చిటపటమంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే అలాంటిది వస్తుంది. మైకు శబ్దాన్ని పెంచే గెయిన్‌ని పూర్తిగా తగ్గించాను. చిటపట తగ్గలేదు. అది తగ్గకపోవడం నాకు నచ్చలేదు. ఇంతలో టక్, టక్ అని రెండు దెబ్బలు. ఆ వెంటనే, చెవికి ఆనుకుని అన్నంత దగ్గరగా, "ఒసే, ఓపాలిటు రా!"

హెడ్‌ఫోన్లు తీసి చూశాను. గదిలో నేనొక్కడినే. లోపలి గదిలో మావయ్య నిద్రపోతున్నాడు. అత్త పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మళ్లీ పెట్టుకుంటే మామూలు సన్నటి బుస తప్ప ఏమీ లేదు.

భయమేమీ వేయలేదు. పాత ఫైలేదో మోగిందనుకున్నాను. కానీ నాబ్ మైకు కొసకి ఉంటే కంప్యూటర్‌లోది వినబడదు. అయినా చూశాను. ఆ మధ్యాహ్నం తేదీతో ఒక్క ఫైలు కూడా లేదు. రికార్డింగ్ మధ్యలో ఆగిపోతే మిగిలే తాత్కాలిక ఫైళ్లు కూడా వెతికాను, లేవు. బయట ఎక్కడో ఆయన గొంతుతో ప్రకటన తిరుగుతూ ఉండొచ్చు, వైరు దాన్ని రేడియోలా పట్టి ఉండొచ్చు. కానీ ప్రకటనల్లో మైకు పరీక్ష ఉండదు, దాన్ని కోసేసే ఇచ్చేవాడు. అత్త ఫోన్‌లో ఎప్పుడైనా తీసిన వీడియో ఏమో అని ఆమె పెరట్లో ఉండగానే ఫోన్ తెచ్చి చూశాను. అందులో దేవుడి పాటలూ, మనవల ఫొటోలూ ఉన్నాయి. చివరికి మిగిలింది ఒకటే, నా ఊహ. ఆ పేరు పెట్టి పక్కన పెట్టేశాను. అత్తతో చెప్పలేదు.

సాధన మొదలైంది. వారం వారం సెలవు రోజుల్లో నేనే వెళ్లి చేయించేవాడిని. హెడ్‌ఫోన్లు పెట్టగానే మావయ్య నడుం నిటారుగా పెట్టి కూర్చునేవాడు. మైకు ముందు ఆయన మునుపటి మనిషిలాగే కనిపించేవాడు. నోరు తెరిస్తే "అదే" వచ్చేది. తన గొంతు వినగానే ముఖం పక్కకి తిప్పుకునేవాడు. అయినా మళ్లీ ప్రయత్నించేవాడు. అప్పన్న అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో నిలబడి ఉత్సాహపరిచేవాడు. "బావా, బేగి మాటాడాలి నువ్వు. ఇప్పుడు మరొకడి గొంతుతో తిప్పుతన్నాను, కుక్కలు గూడా ఎనకపడ్డం నేదు!"

మావయ్య నవ్వేవాడు. నవ్వు మాత్రం పోలేదు.

రెండోసారి జరిగినప్పుడు నేను ఒంటరిగా లేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆదివారం, మధ్యాహ్న భోజనాలకి ముందు. మావయ్య కుర్చీలో ఉన్నాడు. అత్త ఆయన పక్కన గుమ్మానికి ఆనుకుని కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. పొయ్యి వెలిగించలేదు, ఆ సంగతి తర్వాత వెళ్లి మళ్లీ చూసుకున్నాను. హెడ్‌ఫోన్లు చెవుల్ని నొక్కుతున్నాయని మావయ్య తీసేస్తే, స్పీకర్లలోంచి వినిపిద్దామనుకున్నాను. మైకూ స్పీకరూ ఎదురెదురుగా ఉంటే కూత పెడతాయి కాబట్టి, మైకు స్టాండు మార్చడానికి కేబుల్‌ని పెట్టెలోంచి లాగేశాను. కేబుల్ కొస నా చేతిలో ఉంది. నాబ్ మైకు కొసకే ఉంది.

స్పీకర్లలో చిటపట మొదలైంది.

ఈసారి అది కరెంటు శబ్దం కాదని తెలిసిపోయింది. స్పీకర్లలో విన్నవాళ్లు ఎవరైనా చెబుతారు, అది మూకుడులో నూనె. దూరంగా, గోడ అవతల.

టక్, టక్.

"ఒసే, ఓపాలిటు రా!"

అత్త చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. లేచి మావయ్య నోటికేసి చూసింది. ఆయన నోరు మూసే ఉంది. ఆయన స్పీకర్లకేసి చూస్తున్నాడు.

తర్వాత, ఆ నూనె శబ్దం వెనకనుంచి, చాలా దూరంగా, కోపంగా ఒక ఆడగొంతు. "ఆ మైకుతోనే కాపరం సేసుకో! నాను రాను!"

అత్త గొంతు. నా పక్కనున్న అత్త పెదవులు కదల్లేదు.

నాకు తెలిసినంతలో ఆమె ఎవరికీ చెప్పని మాట అది. మాతో ఎప్పుడూ చెప్పింది ఒకటే, మైకనుకుని ఊరుకున్నానని. ఆమె ముఖం చూస్తే అర్థమైంది, ఊరుకోలేదని.

స్పీకర్లలో మావయ్య నవ్వాడు. ఇక్కడ నా వృత్తి కొంచెం పనికొచ్చింది. మైకుకి దగ్గరగా మాట్లాడితే గొంతులో ఒక బరువు వస్తుంది, ఊపిరి జాలీకి తగిలి బుస్సుమంటుంది. ఎవరినైనా పిలవడానికి తల తిప్పితే ఆ బరువు పోతుంది, గోడల మోత చేరుతుంది. ఆ పిలుపులో బరువుంది. నవ్వులో ఊపిరి జాలీకి తగిలింది. పిలిచినప్పుడూ, ఆమె తిట్టినప్పుడూ ఆయన తల మైకు మీంచి కదలలేదు.

నవ్వాక, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "మైకు బానే పలుకుతన్నాది."

గొంతు సవరించుకున్నాడు. ప్రకటన గొంతు ఎత్తుకున్నాడు. "కోటబొమ్మాళి పరిసర గ్రామాల ప్రజలకు విజ్ఞ..."

అక్కడ ఆగిపోయింది. పడిన చప్పుడు లేదు, కుర్చీ చప్పుడు లేదు. నూనె చిటపట కూడా దాంతోపాటే పోయింది. స్పీకర్లలో బుస మాత్రమే మిగిలింది. పెట్టె మీద శబ్దం వస్తే వెలగాల్సిన ఆకుపచ్చ దీపం మొదటినుంచీ వెలగలేదు. కంప్యూటర్ తెరమీద గీత చదునుగా ఉంది. సాధన కోసం రికార్డింగ్ నడుస్తూనే ఉంది, తర్వాత దాన్ని ఎంత పెద్దగా పెట్టి విన్నా అందులో ఏమీ లేదు.

అత్త మావయ్య కుర్చీ చెయ్యి పట్టుకుని నేలమీద కూలబడింది.

"ఒరే" అంది. "నానన్న మాట నువ్వూ ఇన్నావేటి?"

"విన్నానత్తా."

"కడుపు మండి అన్నాను. నూని సేతిమీద పడింది. అప్పుడన్నాను." చెయ్యి చాపి చూపించింది. మణికట్టు దగ్గర చిన్న మచ్చ. "ఆడు పడిపోతాడని తెలిసి అన్లేదురా."

"ఆయనకి కోపం రాలేదత్తా. నవ్వాడు కదా."

"నవ్వినాడు" అంది. "నాకప్పుడు ఇనబడనేదు. మూకుడు గోలలో ఇనబడనేదు." కళ్లు తుడుచుకుని మావయ్య మోకాలి మీద ఒక దెబ్బ వేసింది. "నవ్వుతావా? అలగ తిడితే నవ్వుతావా? సిగ్గు నేదా నీకు?"

మావయ్య ఎడమచేత్తో ఆమె తల మీద తట్టాడు. "అదే" అన్నాడు.

ఆ తర్వాత ఇంటర్‌ఫేస్‌ని ఇంటికి తెచ్చుకుని విప్పాను. అందులో శబ్దాన్ని నిల్వచేసే చిప్పు ఏదీ లేదు. ఉన్నా, ఆ పెట్టె ఆ ఇంటికి వెళ్లింది మావయ్య పడిపోయిన కొన్ని నెలల తర్వాత. అదే కంపెనీ పెట్టె ఇంకోటి ఒక స్నేహితుడి దగ్గర తెచ్చి, అదే గదిలో, అదే వైర్లతో పెట్టాను. ఏమీ లేదు. పాతదాన్ని మళ్లీ పెట్టాను. ఏమీ లేదు. చివర్లో వచ్చిన ప్రకటన మాటలు ఆయన ప్రతిసారీ వాడేవే, కాబట్టి వాటిని రుజువుగా లెక్కపెట్టను. ఇద్దరం ఒకేసారి భ్రమపడ్డామంటే ఒప్పుకోవడానికి సిద్ధమే. కానీ నాకు తెలియని మాటని నా భ్రమ ఎక్కడినుంచి తెచ్చిందో చెప్పలేను. ఆమె భ్రమని నేనెలా విన్నానో అసలే చెప్పలేను.

నేను ఇలా పెట్టెలు విప్పుతుంటే అత్త ఒకసారి అంది. "ఇప్పుకుంటే ఇప్పుకో. ఏటి దొరికినా నాకు సెప్పకు."

రాస్తానంటే మాత్రం ఒప్పుకుంది. "మా పేర్లెట్టకు. తిట్టింది రాసుకో, ఫర్లేదు. నవ్వింది గూడా రాయి."

ఇంటర్‌ఫేస్ ఇప్పుడు మావయ్య కంప్యూటర్‌కే ఉంది. దాన్ని తిరిగి అడగాలనిపించలేదు. సాధన సాగుతోంది. ఈ మధ్య "అదే"కి తోడు "నీళ్లు" వచ్చింది, అప్పన్నని చూస్తే "ఆటో" అంటున్నాడు. వెళ్లినప్పుడల్లా ఒక్కసారైనా మైకు తీసేసి, నాబ్ ఆ కొసకి తిప్పి వింటాను. బుస తప్ప ఏమీ ఉండదు. నా దగ్గర కొట్టేయడానికి ఇంక కారణాలేమీ మిగల్లేదు, ఆ శబ్దం మాత్రం మిగిలింది.

మైకునా, తననా అన్న ఆ ప్రశ్న అత్త మళ్లీ ఎవరినీ అడగలేదు. పోయిన నెల మావయ్యని నాకు అప్పజెప్పి, కళింగపట్నం బస్సెక్కి చెల్లెలి ఇంటికి వెళ్లింది. సాయంత్రం దాకా ఒక్క ఫోన్ కూడా చేయలేదు.